తిండికి మౌల్మీన్

బర్మా వాళ్ళలో ఒక నానుడి ఉంది. మాటకి మాండలే అట, గొప్పలకి రంగూన్ అట, తిండికి మౌల్మీన్ అట. మన దగ్గరా ఊరికో పేరు పెట్టే అలవాటుందిగా, కాకినాడ కాజా అనీ, ఆత్రేయపురం పూతరేకులనీ. కానీ ఫలానా వంటకం అని కాకుండా మొత్తం తిండికే ఒక ఊరిని పెద్ద చేసి కూర్చోబెట్టడం మామూలు సంగతి కాదు. ఆ తిండి ఎవరెవరు తెచ్చిపెట్టారో, ఆ ఊరి వాకిట్లో మూటలు ఎవరు మోశారో ఈ పూట చెప్పుకుందాం. మోసినవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు గనక ఈ కథ మనకి మరీ పరాయిది కాదు.

రంగూన్ నుంచి ఆగ్నేయంగా దాదాపు 300 కిలోమీటర్ల ప్రయాణం. టిబెట్టు కొండల్లో పుట్టిన సాల్వీన్ నది సముద్రంలో కలిసే చోట ఉంది మౌల్మీన్. గ్యయింగ్, అత్తరాన్ అనే మరో రెండు నదులు కూడా అక్కడికే వచ్చి కలుస్తాయి. వెనక బారుగా ఒక కొండ, కొండమీద వరసగా బంగారు పూత పగోడాలు, కింద నది ఒడ్డున ఊరు. 2014 జనాభా లెక్కల్లో రెండున్నర లక్షల పైచిలుకు మంది. దేశం పేరు 1989లో మ్యాన్మార్ అయినట్టే, ఈ ఊరి పేరూ మౌలమ్యయిన్ అయింది. మన పెద్దవాళ్ళ నోట మౌల్మీన్ అనే ఉండేది గనక నేనూ అలాగే అంటాను.

ఎదురుగా ఒక పెద్ద దీవి. దాని పేరు బిలూ జ్యూన్, అంటే రాక్షస దీవి. పేరు చూసి భయపడకండి. అక్కడి రాక్షసులు చేసే పనేమిటంటే బడిపిల్లల పలకలు చేయడం, రబ్బరు పాలు పిండి రబ్బరు బ్యాండ్లు చేయడం, కొబ్బరి పీచుతో తాళ్ళు పేనడం, కొయ్యతో చేతికర్రలు చెక్కడం! తరతరాలుగా పడవ తప్ప దారి లేని ఆ దీవికి 2017లో వంతెన పడింది. దానికి జనరల్ ఆంగ్ సాన్ పేరు పెడితే స్థానికులైన మోన్ జాతివాళ్ళు, మా నేలమీద వంతెనకి మా పేరు ఎందుకు పెట్టరని పెద్ద ఊరేగింపులే చేశారు.

ఈ మోన్‌ల గురించి కాస్త చెప్పాలి. ఆ ప్రాంతానికి అసలు గృహస్థులు వాళ్ళే. బర్మీయుల కంటే ముందే బౌద్ధాన్ని, లిపిని, వరి సేద్యాన్ని స్థిరపరచుకున్న జాతి. వాళ్ళ లిపి దక్షిణ భారతం నుంచి వెళ్ళింది, ఆ మోన్ లిపినుంచే బర్మా లిపి పుట్టింది. అందుకే బర్మా అక్షరాలు చూస్తే మన తెలుగు అక్షరాలకి దూరపు చుట్టాల్లాగా గుండ్రగా ఉంటాయి. మోన్‌లని బర్మీయులు తలైంగులు అనేవారు. ఆ మాట తెలింగాణం నుంచి వచ్చిందని కొందరు తెల్ల పండితులు వాదించారు, కాదని మరికొందరు కొట్టిపారేశారు. మనవాళ్ళు అప్పుడప్పుడు ఈ వాదం పట్టుకుని, చూశారా, అంతా మనవాళ్ళేనని మురిసిపోతుంటారు. ఆ మాట తమని చిన్నబుచ్చేదని మోన్‌లు అనుకుంటారు సుమండీ. వాళ్ళకి ఇష్టంలేని పేరుతో వాళ్ళతో చుట్టరికం కలుపుకోవడం ఏం బాగుంటుంది?

ఊరి పేరు కూడా మోన్ మాటే. చెడిపోయిన కన్ను అని అర్థం. పూర్వం అక్కడ ఏలిన రాజుకి నుదుటిమీద మూడో కన్ను ఉండేదట. ఆ కంటితో ఇరుగుపొరుగు రాజ్యాల్లో ఏం జరుగుతోందో కూర్చున్నచోటినుంచే చూసేవాడట. ఇది ఇలా సాగనివ్వకూడదని పొరుగు రాజు తన కూతుర్నిచ్చి పెళ్ళిచేశాడు. ఆ పిల్ల కాపరానికి వచ్చి ఆ కన్ను కాస్తా పోగొట్టింది. ఏ దేశంలోనైనా కథ చెప్పేవాడు చివరికి నింద మోపేది కొత్త కోడలిమీదే!

నదికి ఆవలి ఒడ్డున మొత్తమా అనే చిన్న ఊరుంది. పాత పేరు మార్తబాన్. హిందీలోనూ ఉర్దూలోనూ పచ్చడి జాడీని మర్తబాన్ అంటారు, మీలో హైదరాబాదు వాళ్ళకి తెలిసే ఉంటుంది. ఆ మాట ఈ ఊరి పేరే. లోపలా బయటా నున్నగా మెరుగు పట్టించిన పెద్దపెద్ద జాడీలు ఆ రేవునుంచి అరబ్బు దేశాల దాకా ఓడల్లో వెళ్ళేవి. 14వ శతాబ్దంలో దేశాలు తిరిగిన ఇబన్ బతూతా కూడా అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు ఊరవేసిన మర్తబాన్‌ల సంగతి రాశాడు. అంటే ఊరగాయ జాడీకి పేరిచ్చిన రేవు అదన్నమాట. చాలాకాలం ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ మధ్య బల్లకట్టే దిక్కు. 2005లో రైలూ రోడ్డూ రెండూ వెళ్ళే పెద్ద వంతెన ప్రారంభమయ్యాక ఆ తిప్పలు తప్పాయి.

ఇంగ్లీషు వాళ్ళు వచ్చేదాకా మౌల్మీన్ చిన్న ఊరే. 1826 ఫిబ్రవరిలో యందబో సంధి జరిగింది. బర్మా రాజు ఓడిపోయి అరకాన్, తెనస్సరీం ప్రాంతాలు అప్పజెప్పాడు. ఆ తెనస్సరీంకి రాజధానిగా మౌల్మీన్‌ని ఎంచుకున్నారు. 1852లో రెండో యుద్ధం జరిగి రంగూన్ చేతికి వచ్చేదాకా, ఆ పాతికేళ్ళూ బర్మాలో తెల్లవాళ్ళ కొలువంతా ఇక్కడే. చర్చిలు, బళ్ళు, అచ్చుయంత్రం వచ్చాయి. బర్మాలో మొదటి ఇంగ్లీషు పత్రిక 1836లో వెలువడింది ఈ ఊళ్ళోనే. ఆంగ్లో బర్మీయులు ఎంతమంది ఉండేవారంటే ఊరికి చిన్న ఇంగ్లండు అని పేరు పడింది.

ఇదంతా నడిచింది దేనిమీదా అంటే టేకు మీద. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగలని ఏనుగులు ఈడ్చుకొచ్చి నదిలో పడేస్తే అవి తేలుకుంటూ మౌల్మీన్ రేవుకి చేరేవి. అక్కడే రంపపు మిల్లులు, అక్కడే ఓడలు కట్టే చోట్లు. మన కోస్తా జిల్లాల్లో పాత మండువా ఇళ్ళు చూడండి, ఇది బర్మా టేకు గుమ్మం, ఇది బర్మా టేకు స్తంభం అని ఇంటాయన చెయ్యేసి నిమిరి మరీ చూపిస్తాడు. దాన్ని కోసినవాడి సంగతి ఎవరూ చూపించరు.

ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళు మౌల్మీన్ అనగానే కిప్లింగు పేరు ఎత్తుతారు. ఆయన 1889లో ఓడ దిగి, కొండమీద పగోడా మెట్లదగ్గర ఒక అమ్మాయిని చూసి, మర్నాటి ఏడు మాండలే పేరుతో ఒక గేయం రాశాడు. ఆ పగోడా దగ్గర నిలబడితే సముద్రం పడమటి వైపున ఉంటుంది, ఆయన గేయంలో తూర్పున పెట్టాడు. పోనీలెండి, కవి కదా. జార్జి ఆర్వెల్‌ది మాత్రం ఇంకాస్త గట్టి సంబంధం. ఆయన తల్లి పెరిగింది ఈ ఊళ్ళోనే, ఆవిడ పుట్టింటివాళ్ళు ఇక్కడ కలప వ్యాపారులు. ఆయన 1926లో ఇక్కడ పోలీసు ఆఫీసరుగా పనిచేశాడు. జనం నవ్వుతారని భయపడి ఒక తెల్ల అధికారి ఏనుగుని కాల్చిన సంగతి మీద ఆయన రాసిన వ్యాసం 1936లో వచ్చింది, దానికి వేదిక ఈ ఊరే.

నాకు వీళ్ళిద్దరికంటే మనసుకి పట్టింది ఒక రాణి. 1885లో ఇంగ్లీషువాళ్ళు మాండలే తీసుకుని తీబా రాజుని మన రత్నగిరికి పంపేశారు కదా, అప్పుడు మిండాన్ రాజుగారి భార్యల్లో ఒకావిడ, సెయిన్‌డోన్ రాణి, మౌల్మీన్ వచ్చి తలదాచుకుంది. వచ్చి కొండమీద ఒక కొయ్య మఠం కట్టించింది. పోగొట్టుకున్న రాజభవనంలో ఉండే సింహాసనం లాంటిదే అందులో చెక్కించింది. రాజ్యం పోయాక ఆవిడకి మిగిలింది వడ్రంగుల చేతిపనే.

ఇక మనవాళ్ళు. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో ఓడెక్కి బర్మా వెళ్ళడాన్ని రంగం వెళ్ళడం అనేవారు. రంగూనే మన నోట్లో రంగం అయింది. కరువు వచ్చినా, అప్పు తీరకపోయినా, అత్తతో పడకపోయినా రంగమే. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ఓడ ఖర్చులు, ఇంట్లో ఇవ్వడానికి కాస్త బయానా చేతిలో పెట్టేవాడు. అక్కడికి వెళ్ళాక ఆ అప్పు జీతంలో తెగ్గోసేవాడు, ఎంత కోసినా తీరకుండా చూసుకునేవాడు. రంగూన్, మౌల్మీన్, అక్యాబ్, బస్సీన్ రేవుల్లో మూటలు మోసింది, బియ్యపు మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా వీళ్ళూ, ఒరియా వాళ్ళూ, అరవ వాళ్ళూ. వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళు ఇక్కడ పొలం పనీ, ముసలివాళ్ళనీ, పిల్లల్నీ చూసుకుంటూ మనియార్డరు కోసం పోస్టుమాను దారి చూసేవారు. రంగం చరిత్ర రాసినవాళ్ళు ఓడెక్కిన మగవాడి సంగతి రాశారు గానీ, ఒడ్డున మిగిలిన ఆవిడ సంగతి రాసినవాళ్ళు తక్కువ.

అక్కడ మనవాళ్ళకి ఒక పేరుండేది, కోరంగీలు అని. కాకినాడ పక్కన కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 నవంబరు తుఫానులో ఆ రేవు ధ్వంసమైపోయింది. ఊరు చితికిపోయినా పేరు మాత్రం సముద్రం అవతల బతికింది, అయితే గౌరవంగా కాదు. కోరంగీ అంటే మూటలవాడు, చౌకగా దొరికేవాడు. 1930 మే నెలలో గాంధీగారిని అరెస్టు చేసిన రోజుల్లో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టాయి, సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నాయి. ఆ మంట ఊరంతా అంటుకుని మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. న్యాయంగా చూస్తే అక్కడి పేదవాడికీ కోపం రాదా? తన ఊళ్ళో తనకి పని లేకపోయె. 1931 లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే. పేదవాణ్ణీ పేదవాణ్ణీ ఒకే మూట దగ్గర నిలబెట్టింది కంపెనీలు, దెబ్బలు తిన్నది మాత్రం వీళ్ళూ వాళ్ళూ.

1942 జనవరి 31న జపాను సైన్యం మౌల్మీన్‌ని పట్టుకుంది. అప్పటికే భారతీయులు లక్షల్లో కాలినడకన అడవులగుండా, కొండలగుండా ఇటు బయల్దేరారు. వేలమంది దారిలోనే పోయారు. మౌల్మీన్‌కి దక్షిణాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో తన్‌బ్యుజయాత్ అనే ఊరుంది. జపానువాళ్ళు సయాంనుంచి బర్మాకి వేసిన 415 కిలోమీటర్ల మృత్యు రైలుమార్గం అక్కడే వచ్చి కలిసేది. 1943 అక్టోబరుకి పని పూర్తయింది. పన్నెండు వేలకు పైగా యుద్ధఖైదీలు ఆ పనిలో చనిపోయారు. వాళ్ళలో 3,700 పైచిలుకు మందికి ఆ ఊళ్ళో చక్కటి పచ్చిక మధ్య సమాధులున్నాయి, పేర్లు చెక్కిన రాళ్ళున్నాయి. ఇవాళ్టికీ ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు. మరి ఆసియా కూలీలు? మలయా తోటలనుంచి తోలుకొచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు, మలయావాళ్ళు, జావావాళ్ళు, బర్మావాళ్ళు, మోన్‌లు. యుద్ధఖైదీలకంటే ఎన్నో రెట్లు చనిపోయారు, తొంభై వేలదాకా అని అంచనా. వాళ్ళకి పేరు చెక్కిన రాయి ఒక్కటి లేదు. మేస్త్రీ పద్దులో తలల లెక్కే గాని పేర్లు ఎక్కడివి?

తరవాత 1962లో సైన్యం రాజ్యం పట్టింది. జనరల్ నే విన్ 1963, 64 సంవత్సరాల్లో దుకాణాలన్నీ జాతీయం చేశాడు. మూడు లక్షల మంది దాకా భారతీయులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఓడ ఎక్కేముందు ఆడవాళ్ళ ఒంటిమీద బంగారం తీయించారనీ, పుస్తెలు కూడా వదల్లేదనీ వచ్చినవాళ్ళు చెప్పుకుని ఏడ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. మద్రాసు రేవు ఎదురుగా బర్మా బజారు 1969లో వాళ్ళకోసం పెట్టిందే. అక్కడ తోపుడుబళ్ళమీద అమ్మే అతో, సేమ్యాలాంటి పోగుల్ని ఉల్లిపాయ, చింతపండు, కారంతో కలిపి ఇచ్చేది, బర్మా మాటే. కలిపినది అని అర్థం. అందరూ రాలేదు. మౌల్మీన్ చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. దేశంలో 2021 ఫిబ్రవరిలో మళ్ళీ సైన్యం అధికారం లాక్కున్నాక ఆ ఊరిజనం అందరితోపాటు వాళ్ళకీ గడ్డురోజులే వచ్చాయి.

ఇక వంటింట్లోకి వద్దాం, ఇంతసేపూ వాకిట్లోనే నిలబెట్టేశాను.

బర్మావాళ్ళకి పొద్దున్న టిఫిను మోహింగా. బియ్యప్పిండి పోగుల మీద చేపల పులుసు. జెల్ల జాతి చేపని పసుపు, నిమ్మగడ్డి వేసి ఉడికించి ముల్లు తీసేసి మెదిపేస్తారు. ఉల్లి, వెల్లుల్లి, అల్లం నూరి నూనెలో వేయించి అందులో కలుపుతారు. పులుసు చిక్కబడడానికి వేయించిన శనగపిండో బియ్యప్పిండో కలుపుతారు. అసలు కిటుకు తరవాత ఉంది: అరటి దూట! మనం చక్రాలుగా తరిగి, పీచు వేలికి చుట్టి తీసి, మజ్జిగలో వేసి ఉంచే అదే దూట. వాళ్ళు దాన్ని పులుసులో వేసి మెత్తగా ఉడకనిస్తారు. పైన కోడిగుడ్డు ముక్కలు, కొత్తిమీర, నిమ్మరసం, ఎండుమిరప కారం, కరకరలాడే సొరకాయ బజ్జీ. దూట పారేసే ఇళ్ళు మన ఊళ్ళల్లో ఎక్కువవుతున్నాయి గనక ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను.

లపె అనేది ఊరవేసిన తేయాకు. లేత ఆకుల్ని ఆవిరిపట్టి నెలల తరబడి మగ్గబెట్టి, వేయించిన వెల్లుల్లి, వేరుశనగలు, నువ్వులు, ఎండురొయ్యలతో కలుపుకు తింటారు. మనం తాంబూలం ఇచ్చినట్టు వాళ్ళు చుట్టాలకి లపె పెడతారు. వగరు ఇష్టపడేవాళ్ళకి బాగుంటుంది.

మోన్‌ల సొంత వంట అంటే సంక్రాంతి అన్నం. బర్మా కొత్త సంవత్సరం పండగ తింజాన్. ఆ మాట మన సంక్రాంతే, నోరు తిరిగి అలా అయింది. మనది జనవరిలో మకర సంక్రాంతి, వాళ్ళది ఏప్రిల్ మధ్యలో మేష సంక్రాంతి, ఎండలు మాడ్చేసే రోజులు. అన్నం పలుకు పలుకుగా వండి, చన్నీళ్ళతో గంజి పోయేదాకా కడుగుతారు. కొత్త కుండలో మైనపు వత్తి పొగ పట్టించి, ఆ కుండలో నీళ్ళు పోసి మల్లెరేకులు వేసి, ఆ పరిమళపు నీళ్ళలో అన్నం వేస్తారు. నంజుకోడానికి ఎండు కొరమీను పొడిచేసి ఉల్లిపాయలతో వేయించింది, పుల్ల మామిడితో కలిపిన పచ్చడి. ముందు పగోడాకి, భిక్షువులకి, ఇరుగుపొరుగుకి పంచి, ఆపైన ఇంట్లోవాళ్ళు తింటారు. మోన్‌లనుంచి ఈ అన్నం సయాం రాజుల అంతఃపురందాకా వెళ్ళింది. మన చద్దన్నం, తరవాణి కుండ సంగతి అలా ఏ రాజుకీ చెప్పలేకపోయాం!

మనవాళ్ళు వదిలివచ్చినవీ ఉన్నాయి. పరోటా అక్కడ పలాటా అయింది, దోసె తోషే అయింది, సమూసా సమూసాగానే ఉంది. పెళ్ళిళ్ళ బిర్యానీని డాన్‌బౌక్ అంటారు, దమ్‌పుఖ్త్ అన్న పారసీ మాట అది. శనగల్ని కులా పే అంటారు. పే అంటే పప్పు. కులా అంటే పడమటినుంచి వచ్చినవాడు, మనమే. ఆ మాట విసిరితే తిట్టులాగే తగులుతుందని అక్కడి మన సంతతివాళ్ళు బాధపడతారు. ఆ పప్పు లేకపోతే మాత్రం వాళ్ళకి పొద్దున పలహారం గడవదు.

మీరు ఇంట్లో చేసుకోగలిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. చిన్‌బౌంగ్ జో. పుల్లాకు వేపుడు అని అర్థం. ఆ పుల్లాకు మన ఎర్ర గోంగూరే. బర్మా అంతటా, పేదా గొప్పా తేడా లేకుండా తినే కూర ఇది. మన గోదావరి జిల్లాల గోంగూర రొయ్యలకి ఇది తోబుట్టువు. గోంగూర రెండు కట్టలు ఒలుచుకోండి. వెదురు కొమ్ములు దొరికితే, మన్యం సంతల్లో వానాకాలం దొరుకుతాయి, పైపొర తీసి సన్నగా తరిగి, తప్పకుండా రెండుసార్లు నీళ్ళు మార్చి బాగా ఉడికించి వార్చండి. పచ్చివాటిలో చేదుతోపాటు విషం కూడా ఉంటుంది. నూనెలో ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, పసుపు వేయించి, గుప్పెడు రొయ్యలు వేయండి. వాళ్ళు రొయ్యలు ముక్కబెట్టి చేసిన ఙపి ముద్ద కూడా వేస్తారు, మనకి ఆ వాసన కొత్త గనక ఎండురొయ్యల పొడి చాలు. రొయ్య రంగు తిరగగానే గోంగూర, వెదురు ముక్కలు, నిలువుగా చీరిన పచ్చిమిరపకాయలు వేసి, మూత పెట్టకుండా ఆకు ముద్దయి నూనె తేలేదాకా కలుపుతూ ఉండండి. గోంగూరలోనే నీరుంటుంది, చుక్క నీళ్ళు పోయనక్కర్లేదు. ఉప్పు చివర్న చూసి వేసుకోండి, ఎండురొయ్యలోనే సగం ఉంటుంది.